లాసిక్కా, స్మైలా, పీఆర్‌కేనా, లోపల లెన్సా: కళ్లద్దాలు తీసేయాలనుకునే మన సీమ జనానికి

నేను అనంతపురంలో కళ్లద్దాల షాపులో పవర్ చూసే పని చేస్తా, ఆప్టోమెట్రీ చదివింది కూడా దానికే, కాబట్టి ముందే చెప్పేస్తాండా, మీరందరూ లేజర్ చేయించుకోని అద్దాలు అవతల పారేస్తే నష్టం నాకే. అయినా సరే, ట్రయల్ ఫ్రేమ్ ముక్కు మీద ఉండంగానే "అన్నా, స్మైల్ మంచిదా లాసిక్ మంచిదా" అని అడిగేవాళ్లు ఈమధ్య శానా ఎక్కువైపోయినారు. పోలీసు ఉద్యోగాలకి చదివే పిల్లోళ్లు, పెళ్లి కుదిరిన ఆడపిల్లలు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తా శని ఆదివారాలు ఊరికొచ్చేవాళ్లు, అందరూ ఫోన్లో నాలుగు వీడియోలు చూసేసి ఏదో ఒక పేరు పట్టుకోనే వస్తారు. నా మాట ఒకటే. పేరు పట్టుకోని పోవద్దండి, స్కాన్ చేయించుకోని ఆ కాగితం పట్టుకోని పోండి, అద్దాలు తీసేయడానికి ఉన్న నాలుగు దారుల్లో (లాసిక్, స్మైల్, పీఆర్‌కే అనే మూడు లేజర్లు, కంటి లోపల పెట్టే లెన్సు ఒకటి) రెండో మూడో ఆ కాగితమే మూసేస్తాది, మిగిలినవాటి మధ్య ఎంచుకోవడానికి మీ పని, మీ సెలవులు, మీ జేబు చూసుకుంటే చాలు.

అసలు లేజర్ ఏం చేస్తాదో రెండు ముక్కల్లో. నల్లగుడ్డు మీద గడియారానికి అద్దం ఉన్నట్టు పారదర్శకంగా ఒక పొర ఉంటాది, అదే కార్నియా. సైట్ ఉన్నోళ్లకి, అంటే మైనస్ పవర్ వాళ్లకి, సాధారణంగా కంటిగుడ్డు రోంత పొడవుగా ఉంటాది, దాంతో వెలుగు కంటి వెనక ఉండే రెటీనా అనే తెర దాకా రాకుండా ముందే కలిసిపోతాది, దూరంది మసగ్గా కనపడతాది. కార్నియాని మధ్యలో రోంత చదును చేస్తే వెలుగు వెనక్కి జరిగి రెటీనా మీద పడతాది. అంతే పని. కన్ను పొడవు మాత్రం తగ్గదు, ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ దీనితో పని ఉంది.

(ఈ పొరని చెక్కే ఎక్సైమర్ లేజర్ వెనక మన పక్క మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఉన్నాడు. 1981లో అమెరికాలో ఐబీఎం ల్యాబ్‌లో పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఈ లేజర్ వేసి చూస్తే చుట్టుపక్కల మాడకుండా శుభ్రంగా గీత పడిందంట. ఆ లేజర్ అలలు 193 నానోమీటర్లు, వేడి పెట్టి కాల్చదు, అణువుల మధ్య బంధాలనే తెంపేస్తాది. కాబట్టి "కన్ను కాలిపోతాదేమో" అని భయపడే అమ్మలకి ఈ కథ చెప్పొచ్చు.)

ముందు స్కాన్, తర్వాతే మిగతాది

వయసు 18 దాటాల, పవర్ కనీసం ఏడాదిగా అర పాయింట్ కంటే ఎక్కువ మారకుండా ఉండాల. 19 ఏళ్ల పిల్లకి పోయిన ఏడాది మైనస్ 3 ఉండి ఇప్పుడు 3.75 అయితే ఇంకా కన్ను ఆగలేదని అర్థం, ఇప్పుడు లేజర్ చేస్తే మళ్లీ రెండేళ్లకి నా షాపుకే వస్తాది. కడుపుతో ఉన్నోళ్లు, పాలిచ్చే తల్లులు ఆగాల్సిందే, హార్మోన్ల వల్ల పవర్ అటూఇటూ అవుతా ఉంటాది. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడేవాళ్లు ఆ విషయం డాక్టరుకి తప్పకుండా చెప్పాల, కళ్లు బాగా ఎండిపోతాయి దానికి. కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులున్నా, షుగర్ అదుపులో లేకున్నా అదీ చెప్పాల.

కాంటాక్ట్ లెన్సు వాడేవాళ్లు స్కాన్‌కి ముందు మెత్తటివి అయితే ఒకటి రెండు వారాలు, గట్టివి అయితే మూడు నాలుగు వారాలు తీసేసి ఉండాల. లెన్సు పెట్టి పెట్టి కార్నియా ఆకారం మారి ఉంటాది, ఆ మారిన ఆకారం మీద లెక్క వేస్తే లెక్కే తప్పు. పొద్దున దాకా లెన్సు పెట్టుకోనే పోయి మధ్యాన్నం స్కాన్ చేయించుకోని సాయంత్రం అడ్వాన్స్ కట్టొచ్చినోళ్లు కూడా ఉండారు, ఏం చెప్పాల.

ఇంక అసలు స్కాన్, పెంటాకామ్ అనో టోపోగ్రఫీ అనో అంటారు. గడ్డం ఒక స్టాండు మీద పెట్టి రెండు సెకన్లు కన్ను ఆర్పకుండా చూస్తే రంగుల మ్యాపు వస్తాది. ఆ మ్యాపులో చూడాల్సినవి రెండు, మందం ఎంత, ఆకారం సరిగ్గా ఉందా లేదా.

మందం లెక్క మీరే వేసుకోవచ్చు, పెద్ద కష్టమేం లేదు. కార్నియా మధ్యలో సుమారు అర మిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లకి అటూఇటూ ఉంటాది. లేజర్ ఒక్కో పాయింటు పవర్‌కి దాదాపు 14 మైక్రాన్లు చెక్కుతాది (చెక్కే వెడల్పుని బట్టి రోంత మారుతాది). లాసిక్‌లో పైన తెరిచే పొర, ఫ్లాప్ అంటారు, అదో 110 మైక్రాన్లు. ఇవన్నీ పోగా కింద కనీసం 250 మిగలాల, శానామంది డాక్టర్లు 300 మిగిలితేనే ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఒకబ్బాయి, కార్నియా 520, పవర్ మైనస్ 5. చెక్కేది 70, ఫ్లాప్ 110, మొత్తం 180 పోతే 340 మిగిలింది. హాయిగా ఏదైనా చేయించుకోవచ్చు. ఇంకొకమ్మాయి, కార్నియా 485, పవర్ మైనస్ 7.5. చెక్కేది 105, ఫ్లాప్ 110, మిగిలింది 270. 250 దాటింది కదా అనుకుంటారు, కానీ మొత్తం మందంలో నూటికి 44 వంతులు కదిలించినట్టు అయింది, 40 దాటితే జాగ్రత్త అని డాక్టర్లు చూసే లెక్క ఇంకొకటి ఉంటాది. ఆ అమ్మాయికి లాసిక్ వద్దు. ఫ్లాప్ లేకుండా పైపైన చేసే పీఆర్‌కే అయితే పై తోలు 50, చెక్కేది 105, మిగిలింది 330, అది కుదరొచ్చు, కుదరకపోతే లోపల లెన్సు. చూసినారా, ఇద్దరికీ అద్దాల మందం చూస్తే పెద్ద తేడా తెలీదు, దారులు మాత్రం పూర్తిగా వేరు.

ఆకారం విషయం ఇంకా ముఖ్యం. కొందరికి కార్నియా కింద భాగం పల్చబడి ముందుకి పొడుచుకోని వస్తాది, కెరటోకోనస్ అంటారు, మన దేశాల వైపు జనంలో ఇది తెల్లోళ్ల కంటే ఎక్కువ. కళ్లు గట్టిగా నలిపే అలవాటున్నోళ్లలో ఎక్కువ చూస్తాం. సిలిండర్ పవర్ (కార్నియా వంపు ఒక్కో వైపు ఒక్కోలా ఉంటే వచ్చే పవర్) ఆర్నెల్లకోసారి పెరుగుతా ఉంటే, అద్దాలు మార్చినా 6/6, అంటే పూర్తి చూపు, రాకుంటే అనుమానపడాల. అట్లాంటి కంటికి లేజర్ వేస్తే పొర ఇంకా బలహీనపడి ఉబ్బిపోతాది, అది తర్వాత సరిచేయడం శానా కష్టం. ఆసుపత్రిలో "మీకు చేయం" అని పంపించేస్తే కోపం తెచ్చుకోని ఇంకో చోటికి పోవద్దండి. చేయం అన్న డాక్టరే మంచి డాక్టరు, నేను ఇది సరదాకి చెప్పడంలా.

ఇంకోటి, కంట్లో చుక్కలు వేసి పాప పెద్దది చేసి రెటీనా చూపించుకోవాల. పొడవైన కంట్లో రెటీనా అంచులు పల్చబడి ఉండొచ్చు, చిన్న రంధ్రాలు ఉంటే ముందు వాటికి వేరే లేజర్ వేసి మూసేస్తారు, తర్వాతే అద్దాల లేజర్. ఆ చుక్కలేసినరోజు నాలుగైదు గంటలు ఎండలో కళ్లు తెరవలేరు, దగ్గరివి కనపడవు, బైకు వేసుకోని పోవద్దు, ఎవరినైనా తోడు తీసుకపోండి. ఈ రెటీనా పరీక్షకి బెంగళూరు దాకా పోనక్కర్లేదు, మన ఊర్లలోనే రెటీనా చూసే డాక్టర్లు ఉంటారు, కర్నూల్లో అయితే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉండనే ఉంది.

నాలుగు దారులు

పీఆర్‌కే అన్నిటికంటే పాతది, అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. పై తోలు తీసేసి నేరుగా లేజర్ వేస్తారు, కోత లేదు, ఫ్లాప్ లేదు. పైన కట్టు మాదిరి ఒక మెత్తటి లెన్సు పెట్టి పంపిస్తారు, నాలుగైదు రోజులకి కింద తోలు మళ్లీ వచ్చినాక తీసేస్తారు. దీనికి నొప్పి ఉంది, దాచేదేం లేదు, రెండో రోజు మూడో రోజు కళ్లలో కారంపొడి పడినట్టే ఉంటాది, నీళ్లు కారతా ఉంటాయి, వెలుగు చూడలేరు, చీకటి గదిలో పండుకోవాల. చూపు కూడా వెంటనే రాదు, వారం తర్వాత పని నడుస్తాది, పూర్తిగా తేటపడడానికి ఒకటి నుంచి మూడు నెలలు. పెద్ద పవర్ వాళ్లకి మచ్చ మాదిరి పొగ రాకుండా మైటోమైసిన్ అనే మందు ఆపరేషన్‌లోనే అద్దుతారు, తర్వాత కూడా ఎండలో నల్లద్దాలు లేకుండా తిరగకూడదు. ఇంత చెప్పినాక ఎవరు చేయించుకుంటారు అంటారేమో, పల్చటి కార్నియా వాళ్లు చేయించుకుంటారు, కబడ్డీ, బాక్సింగ్, పోలీసు పని లాంటివాటిలో ముఖానికి దెబ్బ తగిలే అవకాశం ఉన్నోళ్లు చేయించుకుంటారు, ఎందుకంటే జరిగిపోవడానికి దీంట్లో ఫ్లాపే లేదు. నా లెక్కలో పీఆర్‌కేకి రావాల్సిన మర్యాద రావడంలా, కొత్త పేరు లేదు కాబట్టి ప్రకటనల్లో కనపడదు అంతే.

లాసిక్ అందరికీ తెలిసిందే. ఫ్లాప్ తెరవడం, కింద లేజర్ వేయడం, ఫ్లాప్ మూసేయడం. ఫ్లాప్‌ని బ్లేడుతో చేస్తే ఒక రేటు, ఫెమ్టో లేజర్‌తో చేస్తే ఇంకో రేటు, రోంత డబ్బు పెట్టగలిగితే ఫెమ్టోకే పోండి, మందం పక్కాగా వస్తాది. ఆపరేషన్ రోజు నాలుగైదు గంటలు మంట, నీళ్లు, ఒక నిద్ర తీస్తే పొద్దునకి గోడ గడియారం అద్దాలు లేకుండా కనపడతాది, శుక్రవారం చేయించుకోని సోమవారం ఆఫీసుకి పోయేవాళ్లు శానామంది. కాంటూరా అని వినే ఉంటారు, అది వేరే ఆపరేషన్ కాదు, లాసిక్కే, కాకపోతే మీ కార్నియా మీది ఎత్తుపల్లాల మ్యాపు చూసి దాని ప్రకారం చెక్కుతారు. సిలిండర్ ఉన్నోళ్లకి, మ్యాపు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నోళ్లకి పనికొస్తాది, శుభ్రమైన మైనస్ 3 ఉండి మ్యాపు నున్నగా ఉంటే దానికి అదనంగా ఇచ్చే డబ్బుకి తగిన తేడా మీకు కనపడతాదని నేను అనుకోను.

లాసిక్‌తో చిక్కు రెండు. కార్నియాకి పోయే సన్నటి నరాలు ఫ్లాప్ కోసినప్పుడు తెగుతాయి, అవి మళ్లీ పెరిగేదాకా కళ్లు ఎండుతా ఉంటాయి, మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు. రెండోది, ఫ్లాప్ అంచులో అతుక్కుంటాది గానీ పుట్టినప్పటి బలం రాదు, శానా ఏళ్ల తర్వాత కూడా వేలు గట్టిగా గుచ్చుకుంటే జరిగిన కేసులు ఉన్నాయి, అరుదే, కానీ ఉన్నాయి.

స్మైల్‌కి అమెరికాలో అనుమతి 2016లో వచ్చింది. దీంట్లో ఫెమ్టో లేజర్ పొర లోపలే ఒక సన్నటి బిళ్ల ఆకారం కోస్తాది, 2 నుంచి 4 మిల్లీమీటర్ల చిన్న గాటులోంచి డాక్టరు ఆ బిళ్లని చేత్తో బయటికి లాగేస్తాడు. లాసిక్ ఫ్లాప్ అంచు చుట్టూ కొలిస్తే దాదాపు 20 మిల్లీమీటర్లు ఉంటాది, ఇక్కడ గాటు దాంట్లో ఐదో వంతు దాటదు, కాబట్టి నరాలు తక్కువ తెగుతాయి, ఎండడం రోంత తక్కువ, ఫ్లాప్ జరిగే మాటే లేదు. మరి అందరికీ ఇదే చేయొచ్చు కదా అంటే చేయలేరు. ప్లస్ పవర్ వాళ్లకి మామూలుగా ఇది కాదు. మైనస్ ఒకటి లాంటి చిన్న పవర్‌కి బిళ్ల మరీ పల్చగా వస్తాది, లాగేటప్పుడు చిరగొచ్చు. అదే పవర్‌కి లాసిక్ కంటే రోంత ఎక్కువ పొరే పోతాది. చూపు మొదటి రోజు లాసిక్ అంత తళతళ మెరవదు, రెండు మూడు రోజులు పల్చటి మంచు ఉన్నట్టు ఉంటాది, పక్క బెడ్డు లాసిక్ అమ్మాయికి అప్పుడే అన్నీ కనపడతాండాయి నాకేంది ఇట్లుంది అని కంగారు పడొద్దు. తర్వాత కొంచెం పవర్ మిగిలి సరిచేయాల్సి వస్తే మళ్లీ స్మైల్ చేయరు, మామూలుగా పీఆర్‌కేనే చేస్తారు. డాక్టరు చెయ్యి తిరిగినోడు కావడం మిగతావాటికంటే దీంట్లో ఎక్కువ అవసరం, "మీరు స్మైల్ ఎన్నేళ్లుగా చేస్తాండారు సార్" అని అడగడంలో తప్పే లేదు.

నాలుగోది ఐసీఎల్, ఇది లేజరే కాదు. కంటి లోపల, రంగు తెరకి వెనక, మన సొంత లెన్సుకి ముందు, మెత్తటి చిన్న లెన్సు మడిచి పెట్టేస్తారు. కార్నియాని చెక్కే పనే లేదు కాబట్టి మైనస్ 8, 10, 15 వాళ్లకి, పల్చటి పొర వాళ్లకి ఇదే దారి, ఎండడం కూడా పెద్దగా ఉండదు, అవసరమైతే తీసేయొచ్చు కూడా. చూపు నాణ్యత అయితే పెద్ద పవర్ వాళ్లకి లేజర్ కంటే బాగుంటాది. కానీ ఇది కన్ను లోపలికి పోయే ఆపరేషన్, ఇన్ఫెక్షన్ అరుదే గానీ వస్తే చిన్న విషయం కాదు. లోపల జాగా సుమారు 2.8 నుంచి 3 మిల్లీమీటర్లన్నా లేకుంటే పెట్టరు. సైజు సరిపోకుంటే శుక్లం రావడమో ప్రెజర్ పెరగడమో జరగొచ్చు, ఏడాదికోసారి పోయి చూపించుకుంటా ఉండాల, జీవితాంతం. ఏడాదికోసారి ఎవడు పోతాడులే అనుకునే మనిషి దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఐదో దారి కూడా ఉంది, ఏం చేయించుకోకపోవడం. మైనస్ ఒకటి ఉండి సినిమాకి, బండికి మాత్రమే అద్దాలు పెట్టేవాళ్లు లేజర్ టేబుల్ దాకా పోవడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

నలభై దాటినోళ్లకి వేరే లెక్క

ధర్మవరం నుంచి ఒక నేతాయన వచ్చినాడు, 43 ఏళ్లు, మైనస్ 2.25, కూతురు పెళ్లిలో ఫోటోలకి అద్దాలు లేకుండా ఉండాలని లేజర్ మోజు. ఆయన్ని అద్దాలు తీసి నా కౌంటర్ మీదున్న చీర అంచు చూడమన్నా, ఒక్కో పోగు లెక్కపెట్టి చెప్పినాడు. మైనస్ 2.25 అంటే అద్దాలు లేకుండా 44 సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా కనపడే కన్ను, మగ్గం మీద పోగు చూసే దూరం దాదాపు అదే. నలభై దాటినాక అందరికీ చత్వారం వస్తాది, దగ్గరివి కనపడవు, ఈయనకి మైనస్ ఉండబట్టి ఆ బాధ తెలీకుండా గడిచిపోతాంది. లేజర్ వేసి మైనస్ తీసేస్తే దూరం బ్రహ్మాండంగా కనపడతాది, మగ్గం కాడ మాత్రం కొత్తగా చత్వారపు అద్దాలు కావాల. పనంతా దగ్గరే చేసే మనిషికి ఇది ఎదురు బేరం.

ఒక కంటిని దూరానికి, ఇంకో కంటిని దగ్గరికి పెట్టే పద్ధతి ఉంది, మోనోవిజన్ అంటారు, కొందరికి బాగా కుదురుతాది, కొందరికి తల తిరుగుతాది. చేయించుకునే ముందు అదే తేడాతో కాంటాక్ట్ లెన్సులు వారం పెట్టుకోని చూస్తే తెలిసిపోతాది. ఆయన పెట్టుకోని చూసి, వద్దులేప్పా అనేసినాడు, ఫోటోలకి కాంటాక్ట్ లెన్సులు చాలన్నాడు.

ఉద్యోగం కోసం చేయించుకునేవాళ్లు

లేజర్ చేయించుకునే ముందు నోటిఫికేషన్‌లో మెడికల్ స్టాండర్డ్స్ పేజీ చదవండి, కోచింగ్ సెంటర్లో ఎవరో చెప్పింది కాదు. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో రూలు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి లేజర్ చేయించుకున్న కన్ను పనికిరాదు. ఆర్మీ ఆఫీసర్ ఎంట్రీల్లో ఒప్పుకుంటారు గానీ 20 ఏళ్లు దాటినాక చేయించి ఉండాల, చేయించి 12 నెలలు గడిచి ఉండాల. మెడికల్‌కి నెల ముందు చేయించుకోని పోతే డబ్బూ పోతాది ఉద్యోగమూ పోతాది. దాచేద్దామంటే కుదరదు, టోపోగ్రఫీ తీస్తే మధ్యలో చదునైన గుండ్రం నీలంగా అక్కడే కనపడతాది.

ఆ రోజు ఏమైతాది

సెంటు, కాటుక, పౌడరు ఏదీ లేకుండా రమ్మంటారు. మత్తు ఇంజెక్షన్ ఉండదు, కంట్లో మొద్దుబారే చుక్కలు మాత్రమే. రెప్పలు మూయకుండా ఒక క్లిప్పు పెడతారు, చూడ్డానికి భయంగా ఉంటాది గానీ నొప్పి లేదు. తర్వాత లాసిక్, స్మైల్ అయితే కన్ను మీద ఒక రింగు ఆనించి గట్టిగా లాగుతాది, ఒత్తిడి తెలుస్తాది, ఆ కొన్ని సెకన్లు చూపు మసకేసి నల్లగా అయిపోవచ్చు, అప్పుడే జనం బెదిరిపోతారు, అది మామూలే. ఎదురుగా మెరిసే చుక్కని చూస్తానే ఉండమంటారు. ఎక్సైమర్ మొదలైతే టిక్ టిక్ మని చప్పుడు, ఎంటికలు కాలిన వాసన. కన్ను రోంత కదిలితే మిషన్ వెంటాడతాది, ఎక్కువ కదిలితే ఆగిపోతాది, కాబట్టి "నేను తుమ్మితే ఎట్ల" అని భయపడొద్దు. స్మైల్‌లో మాత్రం ఆ రింగు పట్టు జారకూడదు, ఆ అర నిమిషం లోపల తల కదపకుండా ఉండగలగాల, స్మైల్ ప్రో అనే కొత్త రకంలో ఆ సమయం పది సెకన్లకి తగ్గింది. రెండు కళ్లకి కలిపి లోపల ఉండేది పావుగంట అరగంటే.

తర్వాత చుక్కల మందు కోర్సు, యాంటీబయాటిక్ వారం మాదిరి, స్టెరాయిడ్ మెల్లగా తగ్గించుకుంటా (పీఆర్‌కేకి నెలల దాకా), కన్నీటి చుక్కలు మూడు నెలలో ఆరు నెలలో. స్టెరాయిడ్ చుక్కలు బాగున్నాయి కదా అని మెడికల్ షాపులో సొంతంగా తెచ్చుకోని పొడిగించేవాళ్లుంటారు, కంటి ప్రెజర్ పెరిగి నరం దెబ్బతింటాది, ఆ పని చేయొద్దండి దయచేసి. తలస్నానం వారం వద్దు, ఈత నెల దాకా వద్దు, కళ్లు నలపడం ఎప్పటికీ వద్దు.

మన దగ్గర గాలీ దుమ్మూ సంగతి తెలిసిందే కదా. ఆషాఢం గాలికి అనంతపురంలో కళ్లు తెరవలేం, తాడిపత్రి, బేతంచెర్ల బండల పాలిష్ దగ్గర పనిచేసేవాళ్లు, రాయదుర్గం జీన్స్ కుట్టేవాళ్లు, చెనక్కాయలు ఆడించే కల్లం కాడోళ్లు, వీళ్లంతా ఆపరేషన్ తర్వాత కనీసం రెండు వారాలు ఆ పని తప్పించుకునేటట్టు చూసుకోని డేటు తీసుకోవాల. ఏప్రిల్ మే నెలల్లో ఎండకి కళ్లు ఎట్లయినా ఎండుతాయి, కుదిరితే చలికాలం మంచిది. బండి మీద పోయేటప్పుడు వైజర్ ఉన్న హెల్మెట్ దించుకోనే పోండి.

రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు, చీలికలు కనపడడం కొన్నాళ్లు ఉంటాది, ఎన్‌హెచ్ 44 మీద రాత్రి బండి నడిపేవాళ్లకి ఇది ముఖ్యం. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ లాసిక్ మీద చేయించిన ప్రౌల్ స్టడీల్లో 95 శాతం పైనే జనం చూపుతో సంతోషంగా ఉన్నారు, అదే స్టడీల్లో ముందు ఏ ఇబ్బందీ లేనోళ్లలో 46 శాతం దాకా మూడు నెలలకి వలయమో మెరుపో ఏదో ఒకటి కొత్తగా కనపడతాంది అన్నారు, దాని వల్ల పనులకే బాగా ఇబ్బంది అన్నోళ్లు ఒక శాతం లోపే. రెండు అంకెలూ నిజమే, ప్రకటనలో మొదటిది మాత్రమే ఉంటాది. లారీ, బస్సు డ్రైవర్లు ఈ రెండోది చదివి నిర్ణయించుకోండి.

యాడికి పోవాల, డబ్బు సంగతేంది

అనంతపురం వాళ్లకి బెంగళూరు, కర్నూలు వాళ్లకి హైదరాబాద్, కడప వాళ్లకి తిరుపతి లేకుంటే చెన్నై దగ్గర. బెంగళూరులో నారాయణ నేత్రాలయ, హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ, తిరుపతిలో అరవింద్, ఇట్ల పెద్ద కంటి ఆసుపత్రులున్నాయి, చిన్నవి లెక్కలేనన్ని. ఊరు ఎంచుకునేటప్పుడు ఆపరేషన్ రోజు ఒక్కటే లెక్కేసుకోవద్దు. లాసిక్, స్మైల్‌కి మరుసటి రోజు చూపించుకోవాల, కాబట్టి ఒక రాత్రి ఉండాల్సిందే, తర్వాత వారానికి, నెలకి, మూడు నెలలకి. పీఆర్‌కే అయితే లెన్సు తీసేదాకా నాలుగైదు రోజులు అక్కడే చుట్టాలింట్లో ఉండడం మేలు, ఆ నొప్పితో కళ్లు మూసుకోని రైలెక్కి దిగడం ఎవరివల్లా కాదు.

డబ్బు వరస మామూలుగా ఇట్లుంటాది, పీఆర్‌కే, బ్లేడు లాసిక్ తక్కువ, తర్వాత ఫెమ్టో, కాంటూరా, దాని పైన స్మైల్, అన్నిటికంటే పైన ఐసీఎల్. "ఒక్క కంటికా రెండు కళ్లకా" అని ముందే అడగండి, ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండే రేటు శానాసార్లు ఒక్క కంటిది. స్కాన్ ఖర్చు, మందులు, ఏడాది దాకా చెకప్పులు, పవర్ మిగిలితే మళ్లీ సరిచేసేది, ఇవి ప్యాకేజీలో ఉన్నాయా లేదా కాగితం మీద రాయించుకోండి. "ఈరోజే కడితే పది వేలు తగ్గింపు" అంటే లేచి వచ్చేయండి. ఇన్సూరెన్సు సంగతి, మామూలు హెల్త్ పాలసీల్లో 7.5 డయాప్టర్ల (మనం పాయింట్లు అనేవే) లోపు పవర్‌కి చేసే ఆపరేషన్ కవర్ కాదని ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లోనే ఉంది, కాబట్టి మైనస్ 4 వాళ్లు ఆశ పెట్టుకోవద్దు, 7.5, ఆపైన ఉన్నోళ్లు ముందుగా పాలసీ వాళ్లని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

చేయించుకున్నాక రెండు పనులు మర్చిపోవద్దు. పొడవైన కన్ను పొడవుగానే ఉంటాది అన్నాను కదా, మైనస్ 6 తీసేసినా రెటీనా దృష్టిలో అది ఇంకా మైనస్ 6 కన్నే, ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాల, కళ్ల ముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్ల చుక్కల వాన, ఒక పక్క తెర దిగినట్టు కనపడితే ఆ రోజే పరిగెత్తాల. రెండోది, ఆపరేషన్‌కి ముందు తీసిన పవర్ కాగితం, కార్నియా స్కాన్, ఎంత చెక్కినారో రాసిన కాగితం, మూడూ ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోండి. అరవై దాటి శుక్లం ఆపరేషన్ వచ్చినప్పుడు లోపల వేసే లెన్సు పవర్ లెక్క కట్టడానికి ఆ పాత అంకెలు కావాల, చెక్కిన కార్నియా మీద మామూలు లెక్క తప్పుతాది. ఆ ఆసుపత్రి అప్పటికి ఉంటాదో ఉండదో, ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపించి పెట్టుకోండి, అసలు కాగితం భూమి పాసుపుస్తకం ఉండే బీరువాలోనే పెట్టండి.